నోబెల్ నామినేషన్ ఒక గౌరవమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజ్ఞానశాస్త్ర చరిత్రను బోధించేవాడిని కనుక ప్రతి అక్టోబరులోనూ నన్ను నోబెల్ గురించి దాదాపు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఆ బహుమతిని ఏదో ఒక అదృశ్య న్యాయపీఠం ఇచ్చే తీర్పుగా భావించడమే వాటిలో చాలా ప్రశ్నలకు మూలం. ఆల్ఫ్రెడ్ నోబెల్ 1895 నవంబరు 27న పారిస్‌లో సంతకం చేసిన వీలునామాకు, దాని ఆధారంగా తయారైన నియమావళికి లోబడి నాలుగు వేర్వేరు సంస్థలు ఈ ఎంపిక చేస్తాయి. భౌతిక, రసాయన శాస్త్రాల బహుమతులను రాయల్ స్వీడిష్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, వైద్య బహుమతిని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లోని నోబెల్ అసెంబ్లీ, సాహిత్య బహుమతిని స్వీడిష్ అకాడమీ నిర్ణయిస్తాయి. శాంతి బహుమతి బాధ్యత నార్వే పార్లమెంటు ఎన్నుకునే ఐదుగురు సభ్యుల కమిటీది.

అపోహ: నోబెల్‌కు నామినేట్ అయ్యారంటే బహుమతి అంచుల దాకా వెళ్లినట్లే.

వాస్తవం: నామినేషన్ అంటే ప్రతిపాదించే అర్హత ఉన్న ఒక వ్యక్తి గడువులోగా పంపిన ఉత్తరం, అంతకుమించి ఏమీ కాదు. శాంతి బహుమతి విషయంలో ఆ అర్హత చాలా విస్తృతమైనది. ఏ దేశపు పార్లమెంటు సభ్యుడైనా, మంత్రివర్గ సభ్యుడైనా, చరిత్ర, న్యాయశాస్త్రం, తత్త్వశాస్త్రం వంటి విషయాలు బోధించే విశ్వవిద్యాలయ ఆచార్యుడైనా, గతంలో ఆ బహుమతి అందుకున్నవారైనా ఒక పేరు పంపవచ్చు. తన పేరును తానే పంపుకోవడం మాత్రం చెల్లదు. 1945లోనూ 1948లోనూ స్టాలిన్ పేరు ఇదే దారిలో కమిటీకి చేరింది. 1939లో ఒక స్వీడిష్ పార్లమెంటు సభ్యుడు వ్యంగ్యంగా హిట్లర్‌ను ప్రతిపాదించి, ఆ వ్యంగ్యం ఎవరికీ అర్థం కాకపోవడంతో ఉత్తరాన్ని ఉపసంహరించుకున్నాడు. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్‌ది. ఆయనకు 80కి పైగా నామినేషన్లు వచ్చినా బహుమతి రాలేదు. కాబట్టి నామినేషన్ దక్కడం వల్ల గొప్పతనం గాని, దక్కకపోవడం వల్ల లోపం గాని రుజువు కావు. పైగా నామినేషన్ల వివరాలను 50 ఏళ్లపాటు బయటపెట్టకూడదని నియమావళి చెబుతోంది. ఈ ఏడాది ఫలానావారు నామినేట్ అయ్యారన్న వార్త కనిపిస్తే, అది ప్రతిపాదించినవారో వారి సన్నిహితులో చెప్పుకున్నదే తప్ప కమిటీ ధ్రువీకరించింది కాదని గ్రహించాలి. ఆత్మకథల్లోనూ పరిచయ పత్రాల్లోనూ ‘నోబెల్ నామినీ’ అని రాసుకోవడం నాకు ఎన్నడూ రుచించలేదు.

అపోహ: గాంధీజీ పేరును నోబెల్ కమిటీ పట్టించుకోనేలేదు.

వాస్తవం: ఆయన పేరు 1937, 1938, 1939, 1947 సంవత్సరాల్లోనూ, చివరిగా 1948లోనూ కమిటీ ముందుకు వచ్చింది. మొదటిసారి ప్రతిపాదించినది నార్వే పార్లమెంటు సభ్యుడే. ఆ ఏడాది కమిటీ సలహాదారు యాకబ్ వోర్మ్-ముల్లర్ రాసిన నివేదిక గాంధీజీ వ్యక్తిత్వాన్ని ప్రశంసిస్తూనే ఆయన రాజకీయ పాత్రపై సందేహాలు వెలిబుచ్చింది. 1948 నామినేషన్ల గడువు ముగియడానికి రెండు రోజుల ముందు, జనవరి 30న, ఆయన హత్యకు గురయ్యారు. మరణానంతర బహుమతికి అప్పటి నియమావళి కొన్ని పరిస్థితుల్లో వీలు కల్పించేది కనుక కమిటీ ఆ అవకాశాన్ని పరిశీలించింది. అయితే గాంధీజీ ఏ సంస్థకూ ప్రతినిధి కారు, ఆస్తి గాని వీలునామా గాని వదిలి వెళ్లలేదు, మరి బహుమతి సొమ్ము ఎవరికి అందజేయాలన్న చిక్కు వచ్చింది. బహుమతులిచ్చే స్వీడన్ సంస్థలను సంప్రదించగా, నిర్ణయం జరిగిన తర్వాత మరణిస్తే తప్ప ఇవ్వడం తగదని అవి బదులిచ్చాయి. చివరకు తగిన అభ్యర్థి ఎవరూ సజీవంగా లేరని ప్రకటించి, కమిటీ ఆ ఏడాది శాంతి బహుమతిని ఎవరికీ ఇవ్వలేదు. ఆ వాక్యంలోని ‘సజీవంగా’ అన్న మాట గాంధీజీని ఉద్దేశించినదేనని చాలామంది చరిత్రకారుల్లాగే నేనూ భావిస్తాను. అంతకుముందు నాలుగుసార్లు చేజారిన అవకాశాలకు మాత్రం ఆ వివరణ సరిపోదు. 1961లో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్‌కు మరణానంతరం శాంతి బహుమతి ఇచ్చారు. 1974 నుంచి ఆ వీలును నియమావళి దాదాపుగా మూసివేసింది. 2011లో వైద్య బహుమతికి ఎంపికైన రాల్ఫ్ స్టైన్‌మన్ ప్రకటనకు మూడు రోజుల ముందే మరణించినప్పటికీ, ఆ సంగతి తెలియక సద్భావంతో చేసిన ఎంపిక కనుక ఆయన బహుమతి నిలిచింది.

అపోహ: ఐన్‌స్టైన్‌కు సాపేక్ష సిద్ధాంతానికి నోబెల్ వచ్చింది.

వాస్తవం: బహుమతికి చూపిన కారణం సాపేక్ష సిద్ధాంతం కాదు. ఆయనను 1910 నుంచి ప్రతిపాదిస్తూ వచ్చినా, ఆ సిద్ధాంతం ఇంకా రుజువు కాలేదన్న అభిప్రాయం రాయల్ స్వీడిష్ అకాడమీ భౌతిక శాస్త్ర కమిటీలో బలంగా ఉండేది. కంటి దృశ్యశాస్త్రంలో నోబెల్ పొందిన కమిటీ సభ్యుడు ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ దానిని గట్టిగా వ్యతిరేకించారు. 1921 బహుమతిని ఎవరికీ ఇవ్వకుండా నిలిపి ఉంచారు. మరుసటి ఏడాది స్వీడిష్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ ఓసీన్, కాంతి పడినప్పుడు లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడే తీరును వివరించిన ఐన్‌స్టైన్ కాంతివిద్యుత్ ఫలిత నియమాన్ని ముందుకు తెచ్చి ప్రతిష్టంభనను తొలగించడంతో, 1921 సంవత్సరపు బహుమతి 1922లో ఐన్‌స్టైన్‌కు దక్కింది. ఆయన తన నోబెల్ ఉపన్యాసాన్ని 1923లో గోథెన్‌బర్గ్‌లో ఇచ్చారు. తీసుకున్న అంశం సాపేక్ష సిద్ధాంతమే!

అపోహ: తన భార్య ఒక గణిత శాస్త్రవేత్తను ప్రేమించిందన్న కోపంతో నోబెల్ గణితానికి బహుమతి పెట్టలేదు.

వాస్తవం: నోబెల్ అసలు పెళ్లే చేసుకోలేదు. గణితాన్ని వదిలేయడానికి కారణం వీలునామాలో లేదు. ఆ రంగంలో 1936లో మొదలైన ఫీల్డ్స్ పతకం, 2003 నుంచి నార్వే ఇస్తున్న ఆబెల్ బహుమతి ఉన్నాయి. గణిత తర్కంలో దిట్ట అయిన బెర్ట్రండ్ రసెల్‌కు 1950లో సాహిత్య నోబెల్ రావడం ఒక చిత్రం.

అపోహ: అర్థశాస్త్రం కూడా నోబెల్ స్థాపించిన బహుమతే.

వాస్తవం: కాదు. స్వీడన్ కేంద్ర బ్యాంకు 1968లో నోబెల్ స్మారకంగా దానిని నెలకొల్పింది. 1969లో తొలిసారి ఇచ్చారు.

అపోహ: గత ఏడాది జరిగిన గొప్ప ఆవిష్కరణకే బహుమతి ఇస్తారు.

వాస్తవం: వీలునామా అలాగే కోరింది, ఆచరణలో అది పొసగలేదు. కోళ్లలో కణితి కలిగించే వైరస్ గురించి పేటన్ రౌస్ 1911లో ప్రచురించిన పనికి 1966లో గాని గుర్తింపు రాలేదు. తొందరపాటుకు తార్కాణం యోహానెస్ ఫిబిగర్. పరాన్నజీవి పురుగు వల్ల క్యాన్సర్ వస్తుందన్న ఆయన పరిశోధనకు 1926 సంవత్సరపు బహుమతి ఇచ్చారు గాని, ఆ నిర్ధారణ తరువాతి కాలంలో నిలవలేదు. ఈ జాప్యం కంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది, ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరాదన్న నిబంధన. గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంలో పుట్టే అలలను, తొలిసారి గుర్తించిన పరిశోధన పత్రంలో వెయ్యిమందికి పైగా రచయితలున్నారు. 2017 బహుమతి వారిలో రైనర్ వైస్, బ్యారీ బారిష్, కిప్ థోర్న్‌లకే వచ్చింది. శాంతి బహుమతిని సంస్థలకు ఇస్తున్నప్పుడు భౌతిక శాస్త్రంలో పరిశోధక బృందానికి ఎందుకు ఇవ్వరాదన్న ప్రశ్న సమంజసమైనదే.

అపోహ: నిరాకరించినవారి పేరు జాబితా నుంచి తొలగిస్తారు, తప్పు చేసినవారి బహుమతిని వెనక్కి తీసుకుంటారు.

వాస్తవం: నిర్ణయంపై అప్పీలు లేదు, ఇచ్చిన బహుమతిని రద్దు చేసే ఏర్పాటూ లేదు. 1964లో సాహిత్య బహుమతిని కాదన్న ఫ్రెంచి రచయిత సార్త్ర్, 1973లో శాంతి బహుమతిని తిరస్కరించిన వియత్నాం నాయకుడు లె డుక్ థో నేటికీ గ్రహీతల జాబితాలోనే ఉన్నారు. హిట్లర్ ప్రభుత్వ ఒత్తిడి వల్ల 1939 వైద్య బహుమతిని వదులుకోవలసి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త గెర్‌హార్డ్ డోమాక్ 1947లో పతకాన్నీ ప్రశంసాపత్రాన్నీ అందుకున్నారు. గడువు దాటిపోవడంతో సొమ్ము మాత్రం ఆయనకు రాలేదు.