మురికివాడ అద్దెలు, పెద్దమనుషుల వడ్డీలు

అడ్డదారిలో సంపాదించినవాడు కొండెక్కి నిలువుదోపిడీ ఇచ్చొస్తే, ఆ సొమ్ము అక్కడితో శుద్ధి అయిపోతుందా? తిరుపతి టీకొట్ల దగ్గర ఈ వాదన తెగేది కాదు. 1892 డిసెంబరు 9న లండన్ రాయల్టీ థియేటర్‌లో ఆడిన నాటకం కూడా పాపపు సొమ్ము గురించే. బెర్నార్డ్ షా తొలి నాటకం 'విడోయర్స్ హౌసెస్' అది. మన విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడిందీ ఆ ఏడే. రెంటికీ గురి పెద్దమనుషుల మీదే.

లండన్ పేదల ఇరుకు గదుల గురించి 1883లో ఒక కరపత్రం వచ్చి గగ్గోలు పుట్టించింది. మరుసటి ఏడు ప్రభుత్వం రాయల్ కమిషన్ (విచారణ సంఘం) వేసింది, 1890లో కార్మికుల ఇళ్ల చట్టం తెచ్చింది. షా ఈ నాటకం మొదలుపెట్టింది ఆ గొడవ వేడిగా ఉన్నప్పుడే, విలియం ఆర్చర్ అనే స్నేహితుడితో కలిసి. అది మధ్యలో ఆగిపోయి కొన్నేళ్లు మూలన పడింది. అద్దె వసూళ్ల సంగతి షాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పదిహేనేళ్లకే డబ్లిన్‌లో ఎస్టేట్ ఆఫీసులో చేరి, స్వయంగా ఆ పని చేసినవాడే.

కథలో సార్టోరియస్ మురికివాడ ఇళ్ల యజమాని. ప్రమాదకరంగా ఉన్న మెట్లు బాగు చేయించాడని వసూళ్ల గుమాస్తా లిక్‌చీజ్‌ని పనిలోంచి తీసేస్తాడు. సార్టోరియస్ కూతుర్ని చేసుకోబోతున్న యువ డాక్టర్ ట్రెంచ్‌కి ఇది తెలిసి, మామగారి డబ్బు ఒక్క పైసా ముట్టనంటాడు. అప్పుడు సార్టోరియస్ నెమ్మదిగా అసలు లెక్క విప్పుతాడు: ట్రెంచ్‌కి ఏటా వచ్చే 700 పౌండ్లు ఆ ఇళ్ల మీద తాకట్టు అప్పుకి వడ్డీయే! డాక్టరు నోరు పడిపోతుంది. నాటకం మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. దుర్మార్గుడైన ఓనరుని తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం ఎవరికైనా చేతనవును. షా మాత్రం తిట్టేవాడి జేబు తడిమాడు.

మూడో అంకం తిరుపతివాళ్లకి ఇంకా దగ్గరగా ఉంటుంది. గుమాస్తా ఈసారి సూటూబూటుతో దిగుతాడు. ఆ ఇళ్లున్న చోట కొత్త రోడ్డు పడబోతోందట, ముందే బాగు చేయిస్తే నష్టపరిహారం పెరుగుతుందట. కదిలిపోయే మెట్లకి లేని డబ్బు ఇప్పుడు ఎక్కడినుంచో పుడుతుంది. ట్రెంచ్ కూడా వాటా కలుపుతాడు, పెళ్లికీ ఒప్పుకుంటాడు.

తొలి రోజు హాల్లో సోషలిస్టులు చప్పట్లు కొడితే మిగతావాళ్లు ఎగతాళిగా కేకలు వేశారు. రెండే ప్రదర్శనలతో తెర పడింది.