రైల్వే జెర్సీ నుంచి కోచ్ బాధ్యత దాకా: పి.కె. బెనర్జీ ప్రస్థానం

2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను భారత ఫుట్‌బాల్ జట్టుకు చీఫ్ కోచ్‌గా నియమించినప్పుడు, పదమూడేళ్ల తరువాత ఆ బాధ్యత ఒక భారతీయుడికి దక్కిందన్న మాట విజయవాడ రైల్వే మైదానంలో సాయంత్రం ఆడుకునే పిల్లల దాకా వచ్చింది. "మనవాళ్లు నెగ్గుకురాగలరా సార్?" అని ఒక కుర్రాడు అడిగాడు. వాళ్లకు ఆట నేర్పే, లోకోషెడ్డులో రిటైరైన పెద్దాయన బంతిని కాలికింద ఆపి, "పి.కె. పేరు ఎప్పుడూ వినలేదురా?" అన్నారు.

1936లో బెంగాల్‌లోని జల్పాయిగురిలో పుట్టిన ప్రదీప్ కుమార్ బెనర్జీ కుడి అంచు నుంచి దూసుకొచ్చే ఫార్వర్డ్. కలకత్తా పెద్ద క్లబ్బుల్లో దేనికీ ఆడకుండా, ఈస్టర్న్ రైల్వేలోనే ఉండిపోయారు. ఆ ఉద్యోగుల జట్టు 1958లో కలకత్తా లీగ్ గెలిచింది; మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ కాక మరో జట్టు ఆ లీగ్ గెలవడానికి మళ్లీ 2019 దాకా పట్టింది. రైల్వే ఊరివాళ్లం గనుక, ఆ విజయం విలువ మనకు ఇంకాస్త బాగా తెలియాలి.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన కెప్టెన్. ఫ్రాన్స్‌తో 1-1గా డ్రా అయిన మ్యాచ్‌లో భారత్ గోలు ఆయనదే. అంతకంటే గొప్ప పాఠం ఆయనకు 1962లో జకార్తాలో దొరికిందని నా నమ్మకం. హైదరాబాదుకు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఇంట్లో కూర్చోబెట్టకుండా ముందు వరుసకు తెచ్చారు. గ్యాలరీలన్నీ భారత్‌కు వ్యతిరేకంగా హోరెత్తుతున్న ఆసియా క్రీడల ఫైనల్లో పి.కె. ఒకటి, ఆ జర్నైల్ ఒకటి కొట్టగా, దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది. ఒక మనిషిలోని శక్తిని ఏ క్షణాన, ఏ స్థానంలో వాడుకోవాలో రహీం చూపించారు.

గాయాలతో 1967లో ఆట మానుకున్న పి.కె., ఆ విద్యనే మాటగా మార్చుకున్నారు. మ్యాచ్‌కు ముందు ఆటగాళ్ల గుండెను తట్టిలేపే ఆయన ప్రసంగాలకు బెంగాల్‌లో 'వోకల్ టానిక్' అనే పేరు స్థిరపడింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జి.ఎం.హెచ్. బాషాతో కలిసి ఆయన తీర్చిదిద్దిన జట్టు జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ పోటీల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన ఆఖరి పతకం ఇప్పటికీ అదే. 1975లో ఐఎఫ్ఏ షీల్డ్ అనే కలకత్తా టోర్నీ ఫైనల్లో ఆయన శిక్షణలోని ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌ను 5-0తో చిత్తుచేసింది. మరుసటి ఏడాదే ఆయన ఆ మోహన్ బగాన్‌కు కోచ్ అయ్యారు. 1977లో పెలే ఆడిన అమెరికా క్లబ్ కాస్మోస్‌తో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో 2-2తో డ్రా చేయించారు.

జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రాళ్లను తయారుచేసిన తరువాత, 1997 జూలై 13న కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో, 1,31,000 మందికి పైగా ప్రేక్షకుల ఎదుట, ఆయన శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 4-1తో మోహన్ బగాన్‌ను మళ్లీ ఓడించింది. ఆ రోజు హ్యాట్రిక్ కొట్టిన కుర్రాడు, తరువాత భారత కెప్టెన్ అయిన బైచుంగ్ భూటియా.