అటక పెట్టె గురించి మనవలకు ఉత్తరం

రాజమహేంద్రవరం.

చిరంజీవులు సుహాస్‌కు, మేధకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను, అమ్మమ్మ క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. హైదరాబాదులో మీ ఫ్లాటులో కూడా మన అటక పెట్టె లాంటిది, అంటే ఇంటిల్లిపాది ఫొటోలూ వీడియోలూ దాచుకునే కంప్యూటరు ఒకటి పెట్టుకుందామని, ఒక్క ఆదివారంలో ఆ పని అయిపోతుందా అని పోయిన వారం సుహాస్ ఫోనులో అడిగాడు. పెట్టడానికి ఒక ఆదివారం చాలు. అయితే ఈ ఏడేళ్లలో నాకు ఎదురైన చిక్కులన్నీ ఆ ఆదివారం తరువాతవే, పైగా అన్నీ ఒకే జాతివి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన రోజుల్లో ఎక్కడ లైను పోయినా గంట తిరక్కముందే చందాదారుడు వచ్చి మా బల్ల ముందు నిలబడేవాడు. ఈ పెట్టెలో ఏది చెడినా కిక్కురుమనకుండా చెడుతుంది. కాబట్టి ఎలా పెట్టాలో చెబుతూనే, దాని చేత నోరు విప్పించడం ఎలాగో కూడా రాస్తున్నాను.

మన పెట్టె ఒక ఆఫీసు వాళ్లు తీసేసిన పాత డెస్క్‌టాప్ కంప్యూటరు. 8 జీబీ ర్యామ్, సిస్టమ్ కోసం 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఫొటోలూ వీడియోలూ దాచడానికి 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు, అంతే దాని ఆస్తి. ఇంతకు మించిన యంత్రం ఈ పనికి అక్కరలేదు. ఇరవై నాలుగు గంటలూ వెలిగే వస్తువు కాబట్టి వేగం కన్నా కరెంటు లెక్క ముందు చూడాలి. మనది సుమారు 30 వాట్లు తీసుకుంటుంది, అంటే నెలకు 22 యూనిట్ల దగ్గర. సుహాస్ పాత గేమింగ్ కంప్యూటరును దీనికి వాడదామని చూస్తున్నట్టున్నాడు. అది 100 వాట్లు తీసుకుంటే నెలకు 72 యూనిట్లు అవుతాయి, బిల్లులో స్లాబు మారితే మీ నాన్నకు సమాధానం మీరే చెప్పుకోవాలి. అట్ట మీద 4 టీబీ అని ఉన్న డిస్కు తెర మీద 3.6 అని కనిపిస్తే కొట్టువాడితో గొడవకు దిగకండి. డిస్కు తయారు చేసినవాడు వెయ్యి చొప్పున లెక్క కడతాడు, కంప్యూటరు 1024 చొప్పున కడుతుంది, తేడా అక్కడే వస్తుంది.

మొదట దీన్ని నిజంగానే అటక మీద పెట్టాను. ఆ వేసవిలో డిస్కు తన వేడి 54 డిగ్రీలని చూపించింది. మర్నాడే కిందికి దించి బీరువా పక్కన పెట్టాను, పేరు మాత్రం అటక పెట్టెగానే మిగిలిపోయింది. ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ రెప్పపాటును ఫ్యాను లెక్కచేయదు కానీ కంప్యూటరు తట్టుకోలేక ఆగిపోవచ్చు. ఆ రెప్పపాటు కూడా తెగకుండా కరెంటు అందించే ఒక చిన్న యూపీఎస్ కొని, దాని యూఎస్‌బీ తీగను పెట్టెకు తగిలించి, నట్ అనే ప్రోగ్రామును వేసుకుంటే బ్యాటరీ అడుగంటే లోపు పెట్టె ఫైళ్లన్నీ సర్దుకుని పద్ధతిగా ఆగిపోతుంది.

పెట్టెను నడిపించడానికి విండోస్‌కు బదులు లినక్స్ వేశాను, దాని రకాల్లో నేను డెబియన్ ఎంచుకున్నాను. 1993లో ఇయన్ మర్డాక్ అనే కుర్రవాడు దీన్ని మొదలుపెట్టి, తన స్నేహితురాలు డెబ్రా పేరుకు తన పేరు చేర్చి డెబియన్ అన్నాడు. అన్నీ వెబ్ పేజీలో నొక్కుకుంటూ చేయడానికి డెబియన్ మీదే కట్టిన ఓపెన్‌మీడియావాల్ట్ ఉంది, మేధకు అది నచ్చుతుంది. కానీ మొదటిసారి మాత్రం చేత్తో, కమాండ్లతోనే చేయండి. ఎప్పుడో ఒక రాత్రి ఆ వెబ్ పేజీ తెరుచుకోనప్పుడు, లోపల ఏ తీగ ఎక్కడికి వెళుతుందో తెలిసినవాళ్లే కుదురుగా కూర్చోగలుగుతారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్క్‌టాప్ వద్దని చెప్పి, వేరే కంప్యూటరు నుంచి దీనికి కమాండ్లు ఇవ్వనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఒక్కటి ఎంచుకుంటే ఆ తరువాత మానిటరు, కీబోర్డు తీసేయవచ్చు. రౌటర్‌లో ఈ పెట్టెకు ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రసు వచ్చేలా రిజర్వు చేయండి, లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాన్ని వెతుక్కోవలసి వస్తుంది.

ఇక కేబుల్ సంగతి. ముప్పై ఏళ్లు జతల తీగలు అతికినవాణ్ణి, ఇక్కడే పరువు పోగొట్టుకున్నాను. హాల్లో రౌటర్ నుంచి పెట్టె దాకా లాన్ కేబుల్ లాగి, చివర్లకు ప్లగ్గులు నేనే నొక్కి బిగించాను, దీన్నే క్రింప్ చేయడం అంటారు. అన్నీ పనిచేశాయి. ఫొటోలు తెరుచుకున్నాయి, పాటలు వచ్చాయి. మీ అమ్మ పెళ్లి వీడియోలు కాపీ చేసేటప్పుడు మాత్రం సెకనుకు 11 ఎంబీకి మించి కదలలేదు. డిస్కు పాతబడిందేమోనని అనుమానించి రెండు వారాలు దాన్ని వేధించాను. చివరికి ఈథ్‌టూల్ కమాండ్ కొట్టి చూస్తే, వేగం 1000 మెగాబిట్లు ఉండవలసిన చోట 100 అని కనిపించింది. కేబుల్ కొసలో ఎనిమిది తీగలుంటాయి. గిగాబిట్, అంటే ఆ 1000 వేగానికి ఎనిమిదీ కావాలి, 100కు మాత్రం నారింజ జత, ఆకుపచ్చ జత చాలు. నేను క్రింప్ చేసిన కొసలో గోధుమరంగు తీగ ఒకటి వెంట్రుక వాసి పొట్టిగా ఉండి, లోపలి లోహపు పలకకు తగలలేదు. రౌటర్, కంప్యూటరు రెండూ ఫిర్యాదు చేయకుండా, ఉన్న నాలుగు తీగలతో సర్దుకుపోయాయి. ఆ కొస కోసి మళ్లీ వేయగానే వేగం సెకనుకు 110 ఎంబీ దాటింది. ఇరవై ఐదు గంటలు పట్టే ఒక టీబీ కాపీ రెండున్నర గంటలకు దిగింది. పెట్టె పెట్టిన మొదటి రోజే ఈ అంకె చూసుకోండి.

రెండు డిస్కులను నేను జంటగా కట్టాను. దీన్ని రెయిడ్ 1 అంటారు, లినక్స్‌లో ఈ పని చేసే ప్రోగ్రాము ఎండీఆడమ్. ఏది రాసినా రెండింటి మీదా రాస్తుంది, కాబట్టి ఒకటి పోయినా రెండోది ఇల్లు నడిపిస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఆషాఢంలో పోయిన డిస్కు సంగతి నాకు దీపావళికి తెలిసింది. ప్రాక్ అనే డైరెక్టరీలో ఎండీస్టాట్ అనే ఫైలు ఉంటుంది. అంతా బాగుంటే దానిలో పక్కపక్కన రెండు యూ అక్షరాలు కనిపిస్తాయి. ఆ రోజు ఎందుకో తెరిచి చూస్తే ఒక యూ, దాని పక్కన కింద ఒక చిన్న గీత. నాలుగు నెలలు మనింటి ఫొటోలన్నీ ఒంటికాలి మీద నిలబడ్డాయన్నమాట. ఫైళ్లన్నీ మామూలుగా తెరుచుకుంటుంటే ఎవరికైనా అనుమానం ఎలా వస్తుంది?

తప్పు ఎండీఆడమ్‌ది కాదు. డిస్కు పోతే మెయిలు పంపడం దానికి వచ్చు, ఎవరికి పంపాలో నేను రాయలేదు. దాని కాన్ఫిగరేషన్ ఫైలులో మీ మెయిలు అడ్రసు రాయండి, పెట్టె నుంచి మెయిలు బయటికి వెళ్లడానికి ఎంఎస్‌ఎంటీపీ లాంటి చిన్న ప్రోగ్రాము పెట్టండి, ఆ తరువాత ఎండీఆడమ్ చేతనే ఒక పరీక్ష మెయిలు పంపించి అది నిజంగా చేరిందని కళ్లతో చూడండి. డిస్కు లోపలి ఆరోగ్యాన్ని కనిపెట్టే స్మార్ట్ లెక్కలను స్మార్ట్‌డీ అనే ప్రోగ్రాముకు అప్పగించండి. ఆ పట్టికలో 5, 197, 198 నంబర్ల వరసలు సున్నాగా ఉన్నంతకాలం నిశ్చింత. 197 పెరగడం మొదలైతే కొత్త డిస్కుకు డబ్బులు సిద్ధం చేసుకోండి. 199 పెరిగితే మాత్రం ముందు లోపలి కేబుల్ మార్చి చూడండి. ప్రతి నెలా మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక డెబియన్ రెండు డిస్కులనూ మొదటి నుంచి చివరి దాకా చదివి సరిపోల్చుకుంటుంది. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఆ పొద్దున పెట్టె గరగరలాడుతుంటే కంగారుపడి ఆపేయకండి.

ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ ఫోల్డర్లను చూపించేది సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన చదువుకునే రోజుల్లో దీన్ని మొదలుపెట్టాడు. మొదట పెట్టిన పేరు వేరొకరి ట్రేడ్‌మార్కు అని తేలడంతో ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే భాష పేరు ఎస్‌ఎంబీ కాబట్టి ఎస్, ఎం, బీ అక్షరాలు వరుసగా వచ్చే మాటల కోసం కంప్యూటరులోని పదాల జాబితాను జల్లెడ పట్టి సాంబా అనే పేరు ఏరుకున్నాడు. ఇందులో కొత్తవాళ్లు బోర్లా పడే చోటు ఒకటే: లినక్స్‌లో యూజరును చేర్చి, అదే పాస్‌వర్డ్ సాంబాకూ పనికొస్తుందనుకుంటారు. సాంబాకు పాస్‌వర్డ్ విడిగా పెట్టాలి. రీసైకిల్ అనే మాడ్యూల్ కూడా తగిలించండి, చెరిపేసిన ఫైళ్లు ఒక మూల ఫోల్డరులో పోగవుతాయి. అమ్మమ్మ ఫోను నుంచి పొరపాటున చెరిపిన వ్రతం ఫొటోలు రెండుసార్లు అక్కడే దొరికాయి.

జంట డిస్కులుంటే బ్యాకప్ ఉన్నట్టే అనుకోకండి. మీరు ఒక ఫోల్డరు చెరిపితే ఆ జంట రెండు చోట్లా క్షణంలో చెరిపేస్తుంది. అందుకని నేను విడిగా ఒక యూఎస్‌బీ డిస్కు పెట్టి, రోజూ రాత్రి రెండు గంటలకు ఆర్‌సింక్ అనే ప్రోగ్రాముతో కాపీ చేయించేవాణ్ణి. ఆర్‌సింక్ కూడా ఆ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ అనే మరొకాయనతో కలిసి 1996లో ఇచ్చినదే. మూలంలో లేని ఫైలును కాపీలోనూ తీసేయమని డిలీట్ ఆప్షన్ పెట్టాను. ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి వచ్చి, పెట్టె మళ్లీ లేచినప్పుడు జంట డిస్కులు మౌంట్ కాలేదు, అంటే సిస్టమ్‌కు తగులుకోలేదు. డిస్కు లేకపోయినా సిస్టమ్ లేవాలని ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైలులో నోఫెయిల్ అని నేనే రాశాను, కాబట్టి అది హాయిగా లేచింది. రెండు గంటలకు ఆర్‌సింక్ వచ్చి చూస్తే మూలం ఫోల్డరు ఖాళీ. చెప్పిన మాట జవదాటని పనివాడిలా బ్యాకప్ మొత్తం ఊడ్చిపెట్టింది. పొద్దున్నే అమ్మమ్మ, “ఏమండీ, ఫొటోలు ఒక్కటీ లేవు” అన్నప్పుడు నా కాళ్లు వణికాయి. అసలు డిస్కుల మీద ఫొటోలు భద్రంగానే ఉన్నాయి కాబట్టి, వాటిని మళ్లీ మౌంట్ చేసి ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు ఆ స్క్రిప్టులో మొదటి వరస, డిస్కు మౌంట్ అయిందా అని మౌంట్‌పాయింట్ కమాండ్‌తో అడుగుతుంది. కాలేదంటే ముట్టుకోకుండా ఆగి నాకు మెయిలు పంపుతుంది. కాపీ కూడా ఒక్కటే కాదు, తేదీల వారీగా ముప్పై ఉంటాయి. మారని ఫైళ్లు హార్డ్ లింకులుగా ఉంటాయి. ఒకే మనిషికి బళ్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్నట్టు, ఒకే ఫైలుకు ముప్పై పేర్లుంటాయి, చోటు మాత్రం ఒక్క ఫైలుదే. ఇవి కాక రెండో యూఎస్‌బీ డిస్కు మీ పిన్ని ఇంట్లో ఉంది, మూడు నెలలకోసారి మార్చుకుంటాం.

బయటి నుంచి చూసుకోవాలని సాంబాను ఇంటర్నెట్‌కు తెరవకండి. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు అది పాకింది ఎస్‌ఎంబీ పాత రకంలోని లోపం గుండానే. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా ఆ దెబ్బ తిన్నాయి. అది విండోస్ లోపమే, సాంబాది కాదు. అయినా రౌటర్‌లో ఎస్‌ఎంబీ వాడే ద్వారం, 445 పోర్టు మూసే ఉంచండి. దూరం నుంచి రావాలంటే బయటివాళ్లకు కనిపించని సొరంగం లాంటి దారి వేసే వైర్‌గార్డ్ గుండా రండి, అది 2020లో లినక్స్ గుండెకాయ అయిన కర్నెల్‌లో చేరింది.

ఇంకొక్క ఏర్పాటు చెప్పాలి. చెడు జరిగితే మెయిలు వస్తుంది, నిజమే. పెట్టె మొత్తంగా చచ్చిపోతే ఆ మెయిలు పంపేది ఎవరు? అందుకని ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి, ఏమీ జరగకపోయినా, “క్షేమం” అనే శీర్షికతో నాకు ఒక మెయిలు వచ్చేలా, వేళకు పనులు చేయించే క్రాన్‌లో పెట్టాను. అందులో ఎండీస్టాట్, డిస్కుల వేడి, మిగిలిన చోటు, చివరి బ్యాకప్ తేదీ ఉంటాయి. వచ్చే ఆదివారం నుంచి అది మీ ఇద్దరికీ కూడా వస్తుంది. పాస్‌వర్డులు రాసిన కాగితం బీరువాలో, అమ్మమ్మ పట్టుచీరల కింద కవరులో ఉంది. ఏ ఆదివారమైనా మెయిలు రాకపోతే సోమవారం దాకా చూడకుండా నాకు ఫోను చేయండి. కరెంటు లేదులే అని నేను తేల్చేస్తే ఒప్పుకోకండి, ఎండీస్టాట్‌లో ఎన్ని యూలు ఉన్నాయో చదివి వినిపించమనండి.

ఇట్లు,
మీ తాతయ్య