తమ్ముడి చేతిలోంచి మౌస్ లాక్కోకు

అమ్ములూ, చిన్నా,

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. ఆదివారం పొద్దున తమ్ముడికి ఇంక్‌స్కేప్, అదే కంప్యూటర్లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, నేర్పిస్తానని అక్క కూర్చోబెట్టిందట. పావుగంట తిరక్కముందే మౌస్ అక్క చేతిలోకి వెళ్లిపోయిందట. చిన్నాగాడు ‘నాకు రాదులే’ అని బ్యాటు పట్టుకుని కిందికి దిగిపోయాడట. ఆ తర్వాత ‘ఎన్నిసార్లు చెప్పినా వినడు అమ్మమ్మా’ అని ఒకరి మెసేజ్, ‘అక్క నన్ను ముట్టుకోనివ్వదు’ అని ఇంకొకరి ఏడుపు. ఇద్దరి మాటా నిజమే. ఫోన్‌లో చెబితే మధ్యలోనే మళ్లీ మొదలుపెడతారు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

నేను గుంటూరులో డీటీపీ సెంటర్లో, అంటే కార్డులూ శుభలేఖలూ కంప్యూటర్ మీద కూర్చి ప్రింటుకు తయారుచేసే చోట, చేరింది 1994లో. అప్పటిదాకా కంప్యూటర్‌ని చేత్తో ముట్టుకున్నది లేదు. అక్కడి ఆపరేటర్ మంచి పనిమంతుడు. ‘ఇదిగో ఇలా, ఇక్కడ నొక్కు, ఇలా లాగు, అయిపోయింది, చూశావుగా’ అనేవాడు. చూశాను. నోట్సు కూడా రాసుకున్నాను: ‘మొదటి మెనూలో నాలుగోది, తర్వాత మూడోది, తర్వాత ఓకే.’ మర్నాడు ఒకాయన విజిటింగ్ కార్డు కోసం వస్తే, నోట్సు ముందు పెట్టుకుని కూడా పేరును ఒక్క అంగుళం పైకి జరపలేకపోయాను. చెయ్యి ఆడలేదు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, కళ్లనీళ్లు ఎవరికీ కనపడకుండా.

రెండు నెలల తర్వాత ఇంకో పెద్దాయన వచ్చారు. ఆయన నా కుర్చీ వెనక నిలబడి చేతులు వెనక్కి కట్టుకునేవారు. మౌస్ ముట్టుకునేవారు కాదు. ‘ఇప్పుడు నీకేం కావాలమ్మా?’ అనేవారు. ‘ఈ పేరు కొంచెం పైకి వెళ్లాలి సార్.’ ‘అయితే ముందు దేన్ని పట్టుకోవాలి?’ అంతే, ఇంకేం మాట్లాడరు. నేను వెతుక్కోవాలి. ఒక్కోసారి రెండు నిమిషాలు పట్టేది, ఆయనకు అది పెద్ద శిక్ష అయి ఉండాలి. పనిలో ఆయన మొదటాయన కంటే నిదానమే. కానీ నాకు పని వచ్చింది ఆయన వల్లే.

‘ముందు దేన్ని పట్టుకోవాలి’ అన్న ఆ ప్రశ్నలోనే సగం విద్య ఉంది అమ్ములూ. కొత్తవాళ్లు వంద తప్పులు చేస్తే అందులో చాలా వరకు ఇదొక్కటే. మామిడికాయ రంగు మారుద్దామనుకుంటారు, సెలెక్ట్ అయి ఉన్నది వెనకాల డబ్బా. రంగు నొక్కుతారు, డబ్బా పచ్చగా అయిపోతుంది, ‘ఇది పనిచెయ్యట్లేదు’ అంటారు. నీకు అది కళ్లకు కనబడుతుంది, ఎందుకంటే సెలెక్ట్ అయినదాని చుట్టూ ఉన్న చిన్న బాణం గుర్తులు ఎక్కడున్నాయో నీ కన్ను ముందు అక్కడికే పోతుంది. వాడి కన్ను ఇంకా అటు పోదు. నువ్వు మౌస్ లాక్కుని సరిచేస్తే వాడికి తెలిసేది అక్కకు వచ్చు, నాకు రాదు అనే. ‘బాణాలు ఎక్కడున్నాయి చూడు’ అని అడిగితే మూడోసారికి వాడే చూసుకుంటాడు.

చిన్నా, నీకూ ఒక మాట. ‘రావట్లేదు’ అనొద్దు. ఏం రావట్లేదో చెప్పు. ‘ఈ గీత లావు తగ్గించాలి, ఎక్కడుంది?’ అంటే అక్క చెబుతుంది. ఉత్త ‘రావట్లేదు’ అంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది, మౌస్ లాక్కోక.

మొదటి పాఠం కంట్రోల్, జెడ్. ఆ రెండూ కలిపి నొక్కితే చివర చేసిన పని రద్దవుతుంది. ఒక పావుగంట వాడితో బొమ్మలు పాడుచేయించు. పిచ్చి గీతలు గీయించు, అన్నీ చెరిపించు, మళ్లీ కంట్రోల్ జెడ్‌తో వెనక్కి రప్పించు. పాడవదు అని చేతికి తెలిస్తే భయం పోతుంది. మాకు ఆ సుఖం లేదు. ఫొటోషాప్ మొదటిసారి బయటికి వచ్చింది 1990లో. అందులో ఒక్క అడుగే వెనక్కి పోగలిగేవాళ్లం. చాలా అడుగులు వెనక్కి వెళ్లే వీలు 1998లో వచ్చింది. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచి విడివిడిగా మార్చుకునే పొరలు, కూడా 1994 దాకా లేవు. బొమ్మ మీద అక్షరం ఒకసారి అతికిందంటే ఇక ఊడదు. అందుకే మా తరం వాళ్లు ఇప్పటికీ ప్రతి పది నిమిషాలకీ సేవ్ నొక్కుతూ ఉంటారు. మీ తాతయ్య దానికి నన్ను ఎగతాళి చేసేవారు, కరెంటు పోయి పెళ్లి కార్డు మొత్తం పోయిన రోజు దాకా.

ఇక అసలు పని. మెనూలన్నీ వరుసగా చూపిస్తూ పోతే రెండో రోజుకే విసుగొస్తుంది. ఒక పని కావాలి. నాకూ ఒకటి కావాలి. ఈసారి ఆవకాయ పది సీసాల్లోకి ఎత్తుతున్నాను, ఏది వెల్లుల్లి వేసింది ఏది వెయ్యనిది అని ప్రతి ఏడూ మూత తీసి వాసన చూడాల్సి వస్తోంది. నాకు లేబుళ్లు చేసి పెట్టండి. ఒక్కో లేబుల్ 90 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. ఏ4 కాగితం 210 బై 297. అడ్డంగా రెండు, నిలువుగా అయిదు, ఒక్క స్టిక్కర్ షీట్ మీద పదీ పడతాయి, అంచులకు జాగా కూడా మిగులుతుంది. ఈ లెక్క చిన్నాతో వేయించు. డిజైన్ అంటే బొమ్మలు గీయడమే అనుకుంటున్నాడు వాడు. స్కేలుతో సీసా కొలవడంతోనే సగం పని మొదలవుతుంది.

మామిడికాయ గీసే ముందు ఒక సున్న గీయండి. నవ్వకండి. ఇంగ్లిష్ ‘ఇ’ నొక్కితే గుండ్రం గీసే పనిముట్టు వస్తుంది. కంట్రోల్ పట్టుకుని లాగితే కోడిగుడ్డులా కాకుండా సున్నలా వస్తుంది. మొదట లోపల రంగు నిండి పూరీలా కనిపిస్తుంది, ఆ రంగు తీసేసి చుట్టూ గీత ఉంచుకోవాలి. తర్వాత షిఫ్ట్, కంట్రోల్, సి మూడూ కలిపి నొక్కండి. పైకి ఏమీ మారినట్టు ఉండదు, కానీ ఆ సున్న ఇప్పుడు మనం మలచగల గీత అయింది. ఇప్పుడు ‘ఎన్’ నొక్కండి. సున్న మీద చుక్కలు కనిపిస్తాయి. ఎన్ని ఉన్నాయో చిన్నా లెక్కపెట్టాలి.

నాలుగే. అంత చక్కటి సున్నకు నాలుగు చుక్కలు చాలు. ఒక చుక్క మీద నొక్కితే రెండు పక్కలా మీసాల్లా రెండు పిడులు వస్తాయి. గీత ఎటు తిరగాలో చెప్పేది అవే. ఆ పిడి పొడవు సున్న మధ్య నుంచి అంచు దాకా ఉన్న దూరంలో దాదాపు 55 శాతం ఉంటుంది. కొంచెం పొడుగు లాగితే సున్న ఉబ్బి బూరెలా అవుతుంది, కుదిస్తే పలకలు దేరుతుంది. చిన్నాని మీసాలు లాగి ఆడుకోనివ్వు. ఒక అరగంట పోయినా ఫర్వాలేదు, ఇది ఒక్కటి చేతికి ఎక్కితే తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌కి వెళ్లినా ఈ చుక్కలూ మీసాలే ఉంటాయి.

మీ ముత్తమ్మ మెలికల ముగ్గులు వేసేది కదా, ఫొటోల్లో చూశారు. అందులో గీత చుక్కను తాకకుండా చుట్టూ తిరిగిపోతుంది. ఇక్కడ గీత చుక్క మీదుగానే పోతుంది. అదీ తేడా. కానీ ఒక విషయంలో ముత్తమ్మే గురువు: అవసరం లేని చుక్క పెట్టేది కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు వంపు సరిగ్గా రాలేదని పక్కన ఇంకో చుక్క పెడతారు, దాని పక్కన ఇంకోటి. ఇరవై అయ్యేసరికి గీత మన ఊరి రోడ్డులా ఉంటుంది. రాకపోతే చుక్క తీసెయ్యాలి, మీసం సరిచెయ్యాలి.

ఈ వంపు గీతలు పుట్టింది ఏ ఆర్ట్ స్కూల్లోనో కాదు, కార్ల కంపెనీల్లో. ఫ్రాన్స్‌లో రెనో కంపెనీ ఇంజనీరు పియర్ బెజియే 1960లలో కారు బాడీ వంపులను లెక్కల్లో చెప్పడానికి వీటిని వాడాడు. అందుకే వాటికి ఆయన పేరు. నిజానికి ఆయన కంటే ముందే, 1959లో, సిట్రోయెన్ కంపెనీలో పనిచేసే డి కాస్టెల్జో దాన్ని కనిపెట్టాడు, కానీ వాళ్ల కంపెనీ ఆ సంగతి బయటికి చెప్పనివ్వలేదు. చిన్నాకి కార్లంటే పిచ్చి కాబట్టి రాస్తున్నాను.

సున్న వచ్చాక దాని నెత్తిన తలకట్టు పెట్టండి. మూడు చుక్కలు చాలు. అది ‘ర’. మధ్యలో ఒక చుక్క పెడితే ‘ఠ’. మన అక్షరాలు వంపుల గనులు. తాటాకు మీద గంటంతో నిలువు, అడ్డం గీతలు గీస్తే ఆకు చీలుతుందని గుండ్రంగా రాశారని పెద్దలు అంటారు. కారణం ఏదైనా, వంపు నేర్చుకోవడానికి తెలుగువాడికి వేరే బొమ్మల పుస్తకం అక్కర్లేదు. ఆ తర్వాత మామిడికాయ. అది కూడా సున్నే, కాకపోతే ఒక పక్క ముక్కు ఉంటుంది. ముక్కు దగ్గర గీత మెత్తగా తిరగకూడదు, చటుక్కున మలుపు తిరగాలి. ఆ చుక్కను పట్టుకుని షిఫ్ట్, సి నొక్కితే రెండు మీసాలూ దేనికది విడిపోతాయి. మళ్లీ మెత్తబడాలంటే షిఫ్ట్, ఎస్.

అమ్ములూ, నువ్వు నెట్‌లో ఒక మామిడికాయ ఫొటో చూసుకుని దాన్నే పెట్టేద్దామన్నావట. ఎవరో తీసిన ఫొటో అడక్కుండా వాడకూడదన్నది ఒక సంగతి. ఫొటో అంటే పిక్సెళ్లనే చిన్న చిన్న రంగు గళ్లు. అది 200 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకో. ప్రింటులో అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. అంటే నీ మామిడికాయ 17 మిల్లీమీటర్లకు మించి సాగదు. సాగదీస్తే మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. లేబుల్ నిండా ఫొటో కావాలంటే 1063 పిక్సెళ్ల వెడల్పు, 591 ఎత్తు ఉండాలి. గీసిన కాయకు ఈ బాధ లేదు. అది చుక్కలూ మీసాల లెక్క కాబట్టి సీసాకైనా, లారీ వెనక్కైనా అదే నున్నగా ఉంటుంది.

తెలుగు రాసేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి. ‘రాష్ట్రం’ అని టైపు చెయ్యండి. వొత్తులు కిందికి దిగకుండా పొల్లులతో విడివిడిగా పడితే ఆ ప్రోగ్రామ్‌లో సెట్టింగ్ మార్చాలి. ఇంక్‌స్కేప్, ఫొటోలు సరిచేసే గింప్‌లలో మామూలుగా సరిగ్గానే వస్తుంది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషలకు వేరే ఏర్పాటు ఎంచుకోవాలి. మా రోజుల్లో డీటీపీకి వాడిన తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒక అక్షరానికి ఒకే గుర్తు ఉండే పద్ధతిలో చేసినవి కావు. ఒకసారి నేను ఒక శుభలేఖ ఫైలు ఫ్లాపీలో వేసి ప్రెస్సుకు పంపితే, ఆ ఫాంటు లేని అక్కడి సిస్టమ్‌లో ‘చిరంజీవి సౌభాగ్యవతి’ కాస్తా ఇంగ్లిష్ అక్షరాల ముద్దగా కనిపించింది. ముహూర్తానికి పన్నెండు రోజులు. ఆటోలో నేనే ఫాంటు పట్టుకుని పరిగెత్తాను. మీకిప్పుడు మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ‘ఆవకాయ’ అన్న పెద్ద అక్షరాలకు లావుగా ఉండే రామభద్ర బాగుంటుంది. కింద చిన్న అక్షరాలకు మండలి. మూడో ఫాంటు జోలికి పోవద్దు. వరసల మధ్య జాగా ఇంగ్లిష్‌కి ఇచ్చినదాని కంటే ఎక్కువ ఇవ్వండి, పై వరస వొత్తు కింది వరస గుడి మీద కూర్చోకుండా.

రంగుల గురించి ఎక్కువ రాయను. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం ఇంకుతో. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ కాగితం మీద కొంచెం వాడిపోయినట్టే వస్తుంది. కాబట్టి పదీ ఒకేసారి కొట్టించకుండా ముందు ఒక్కటి మామూలు కాగితం మీద తీసి, సీసాకు చుట్టి, దూరం నుంచి చూడండి. స్క్రీన్ మీద చదవగలిగిన అక్షరం సీసా మీద చీమలా కనిపిస్తే పెంచండి.

ఫ్రెండ్స్ అందరూ ఫొటోషాప్ నేర్చుకుంటున్నారు, మనం ఈ ఉచితంవి ఎందుకు అని అమ్ములు అడిగిందట. మేం ఎవరో కాపీ కొట్టి ఇచ్చిన సీడీల మీద నేర్చుకున్నాం. గొప్పగా చెప్పుకునే సంగతి కాదది. ఇంక్‌స్కేప్ 2003 నుంచి ఉంది, దొంగతనం అక్కర్లేదు, మీ నాన్న పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. కాలేజీకి వెళ్లాక ఏది కావాలంటే అది నేర్చుకోండి.

చిన్నా మామిడికాయ గీశాక నాకు పంపండి. అక్క చెయ్యి పడిన కాయ వద్దు, ముక్కు వంకరగా ఉన్నా వాడిదే కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. వెల్లుల్లి వేసినవి ఆరు, వెయ్యనివి నాలుగు.

మీ
అమ్మమ్మ