మొగుడూ పెళ్లాల గొడవలో మనమెందుకు? గృహహింసపై అపోహలు – వాస్తవాలు

అపోహ: మందు మానిపిస్తే కొట్టడమూ మానేస్తాడు.

వాస్తవం: మందు హింసను పెంచుతుంది, నిజమే. దూబగుంట రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారాపై తిరగబడింది మన నెల్లూరు జిల్లాలోనే. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అయినా తాగినోడు షావుకారు మీదా, ఎస్సై మీదా చెయ్యెత్తడు. ఎవర్ని కొడితే అడిగే దిక్కుండదో మత్తులోనూ తెలుసు.

అపోహ: కొట్టడం తప్పని అందరికీ తెలిసిందే.

వాస్తవం: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో దాదాపు 84 శాతం ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. ఈ అంకెను మాత్రం ఫ్లెక్సీ మీద వేయకండి. "చూశావా, అందరూ ఒప్పుకుంటున్నారు" అని కొట్టేవాడికే ధైర్యమొస్తుంది.

పొదుపు సంఘంలో ఇలా చేయండి. "అత్తకు ఎదురు చెప్పిందని కోడల్ని కొట్టొచ్చా?" అని అడిగి, అవునంటే చింతపిక్క, కాదంటే శనగ్గింజ, చీర కొంగు చాటున చెంబులో వేయించండి. మళ్లీ ఇంకో చెంబులో: "మిగతావాళ్లు ఏమంటారనుకుంటున్నావు?" రెండో చెంబులోకంటే మొదటి చెంబులో శనగ్గింజలు ఎక్కువొస్తే, అంటే అనుకున్నదానికంటే ఎక్కువమంది కొట్టొద్దంటే, ఆ తేడా అందరి ముందూ లెక్కపెట్టండి. రాకపోతే లెక్క ఆపి, కారణాల మీద మాట పెట్టండి. చేతులెత్తించొద్దు. అత్తాకోడళ్లు ఒకే సంఘంలో ఉంటే కోడలి చెయ్యి అత్త చూపును బట్టే లేస్తుంది.

అపోహ: పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: పని ఎక్కువగా చెడేది ఇక్కడే. భర్త పక్కన నిలబెట్టి "చెప్పమ్మా" అంటే ఆమె నోరు విప్పదు. విప్పితే ఇంటికెళ్లాక మళ్లీ దెబ్బలు. ఆమెను ఒక ఆడమనిషి విడిగా అడగాలి. అతనితో మేనమామో, మేస్త్రీయో, అతను మాట వినేవాళ్లు, తాగనప్పుడు మాట్లాడాలి. "ఆమె చెప్పింది" అనకూడదు. "గొడవ మా ఇంటిదాకా వినపడింది" అనాలి. గొంతు నులిమాడని తెలిస్తే రాజీ ఊసే వద్దు. బయటికి గాయం కనిపించకపోయినా ప్రాణాపాయం ఉండొచ్చు, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే కేసులో ఇరుక్కుంటారు.

వాస్తవం: 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం, మంచి ఉద్దేశంతో రక్షణాధికారికి (ఈ చట్టం కింద బాధితులకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే అధికారి) సమాచారమిచ్చినవారిపై ఏ బాధ్యతా పడదు. కొడుతుంటే 112, సలహాకీ సాయానికీ 181. చప్పుడు వినపడితే ఇద్దరు ముగ్గురు కలిసి తలుపు తట్టి చారెడు పంచదార అడిగినా చెయ్యి ఆగొచ్చు. కత్తీ కొడవలీ ఉంటే లోపలికి పోవద్దు.

అపోహ: కేసు పెడితే ఇల్లొదిలి పోవాల్సిందే.

వాస్తవం: అదే చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది.