చావుల పట్టికలో చోటు దక్కని నొప్పి

విశాఖపట్నం బరువులు మోసి పెరిగిన ఊరు. 1933లో పోర్టు మొదలయ్యాక కళాసీలు బస్తాలను భుజాల మీదే ఓడల్లోకి ఎక్కించారు, దించారు. 1941లో సింధియా నౌకా కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో అక్కడి నుంచే 'జల ఉష' నీట దిగింది. ఓడ అడుగున మెడ వెనక్కి వంచి వెల్డింగ్ చేసినవాళ్లకు ఆ పని భుజాల్లో, నడుంలో మిగిలింది. జాలరి ఆడవాళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగారు, కత్తిపీట ముందు గంటల తరబడి గొంతుక్కూర్చున్నారు. ఇప్పుడు రుషికొండ ఐటీ ఆఫీసుల్లో మెడ పట్టేసిందనే పిల్లలు కూడా ఆ వరసలోనే చేరారు.

ఇంతమంది బాధ ఇన్నాళ్లూ పెద్ద సమస్యగా ఎందుకు కనబడలేదు? జబ్బులను కొలిచే పద్ధతే దీనికి మొదటి కారణం. ప్రజారోగ్యమంటే చాలాకాలం మరణాల లెక్కే. కలరా, మశూచి, క్షయ చంపుతాయి. మోకాలి నొప్పి చంపదు, మనిషిని ఇరవై ఏళ్లు కుంటిస్తుంది. ఆ ఇరవై ఏళ్లు ఏ పట్టికలోనూ ఉండేవి కావు.

చట్టం కూడా అదే దారిలో నడిచింది. కింగ్ జార్జి ఆసుపత్రి, దాని పక్కన వైద్య కళాశాల మొదలైన 1923లోనే కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. దాని మూడో షెడ్యూలులో వృత్తిరోగాల (పని వల్ల వచ్చే జబ్బుల) జాబితా ఉండేది. సీసం, పాదరసం, భాస్వరం వంటి విషాల వల్ల వచ్చే జబ్బులు అందులో ఉండేవి. తర్వాత సిలికోసిస్ (రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు), పెద్ద శబ్దాల వల్ల వచ్చే చెవుడు కూడా చేరాయి. నడుం నొప్పి మాత్రం చేరలేదు. విషం రక్తంలో దొరుకుతుంది, దుమ్ము ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన నడుము ఏ రోజున, ఎవరి పనిలో దెబ్బతిందో చూపించమంటే కార్మికుడు ఏం చూపిస్తాడు? ఇది అన్యాయమనే నా అభిప్రాయం. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 34వ సెక్షన్ హాని చేసేంత బరువు మోయించకూడదంది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మగవాళ్లకు 55 కిలోలు హద్దు అని సిఫారసు చేసింది. మోయకముందు కాపాడే మాటలు ఇలా ఉన్నాయి గానీ, మోసి చెడిపోయిన ఒంటికి ఆ జాబితాలో దారి లేకపోయింది.

1993లో ప్రపంచబ్యాంకు అభివృద్ధి నివేదిక కొత్త కొలత తెచ్చింది. అకాల మరణంతో పోయిన ఏళ్లతో పాటు, వైకల్యంతో గడిపిన ఏళ్లనూ కలిపి లెక్కించడం మొదలైంది. నొప్పికి అప్పుడు అంకె దొరికింది. ఈ కొలతతోనే చేసి 2012 డిసెంబరులో వెలువరించిన ప్రపంచ వ్యాధుల భారం అధ్యయనం వైకల్యానికి ప్రపంచంలో మొదటి కారణం నడుం నొప్పే అని చెప్పింది. 2020 నాటికి దీనితో బాధపడేవాళ్లు 61.9 కోట్లు. 2050కి 84.3 కోట్లవుతారని అంచనా. ఎముకలు, కీళ్లు, కండరాల బాధలన్నీ కలిపితే 171 కోట్ల మంది.

మన దేశంలో తొలి గట్టి లెక్కల్లో ఒకటి పుణె దగ్గర భిగ్వాన్ గ్రామంలో 1996లో మొదలైంది. ఇంటింటికీ వెళ్లి అడిగితే పెద్దవాళ్లలో దాదాపు 18 శాతం మంది నొప్పులున్నాయన్నారు. జనం భయపడే రుమటాయిడ్ కీళ్లవాతం (కీళ్లు వాచి వంకర తిరిగే జబ్బు) ఆ ఊరి పెద్దవాళ్లలో నూటికి ఒకరికి కూడా లేదు. ఎక్కువ భాగం కీళ్ల అరుగుదల, కండరాల నొప్పి, ఫలానా అని పేరు పెట్టలేని బాధలే. 2016లో అచ్చయిన మరో సర్వేలో మోకాలి అరుగుదల 28.7 శాతం మందిలో తేలింది.

చికిత్స విషయంలో లోకం ఆలస్యంగా కదిలింది. దీర్ఘకాలిక నడుం నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మార్గదర్శకాలు 2023 డిసెంబరులోగానీ రాలేదు. వ్యాయామం, నొప్పి గురించి వివరంగా చెప్పడం మేలంది. మనవాళ్లు మందుల షాపులో అడిగి కొనుక్కునే నడుం బెల్టును మామూలుగా వాడొద్దంది.

2010 నుంచి నడుస్తున్న జాతీయ అసంక్రామిక వ్యాధుల (ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బుల) కార్యక్రమం కింద ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగరు, మూడు రకాల క్యాన్సర్లకు పరీక్షలు చేస్తారు. కీళ్లు ఆ ఐదింటిలో లేవు. భిగ్వాన్‌లో వాడిన పద్ధతికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. తర్ఫీదున్న ఆరోగ్య కార్యకర్త, ఒక ప్రశ్నపత్రం, నొప్పి ఉందన్నవాళ్లను చూసే డాక్టరు చాలు. మల్కాపురం నుంచి మధురవాడ దాకా, ఎవరు ఏ పని చేశారో కూడా రాసుకుంటూ, అలాంటి లెక్క విశాఖలో జరగాలి.