అమెరికా కాలేజీ ఆటగాళ్ల జీతం: తెగని పేచీ

2025 జూలై 1 నుంచి అమెరికా విశ్వవిద్యాలయాలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. మొదటి ఏడాది ఒక్కో విద్యాసంస్థ పంచగల గరిష్ఠ మొత్తం 2.05 కోట్ల డాలర్లు. 2016 నుంచి ఆడి వెళ్లిపోయిన వారికి పదేళ్లలో మరో 280 కోట్ల డాలర్ల దాకా పరిహారం అందాలి. కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన దావాల్లో, న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ అదే ఏడాది జూన్‌లో ఆమోదించిన రాజీ ఒప్పందం సారాంశం ఇది. అయితే, ఆ డబ్బు తీసుకునేవాళ్లను ఉద్యోగులుగా మాత్రం ఇప్పటికీ లెక్కించడం లేదు. పేచీ అంతా ఈ ఒక్క మెలికలోనే ఉంది.

కాలేజీ ఆటలు ఒకప్పుడు పవిత్రంగా ఉండేవని, డబ్బు వచ్చి చెడగొట్టిందని వాపోయేవారు అక్కడ చాలామంది. రికార్డులు ఆ మాటను నిలబెట్టవు. దేశంలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి పోటీ 1852లో న్యూహాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సు మీద హార్వర్డ్, యేల్ విద్యార్థుల పడవ పందెం. దారి ఖర్చులు, బస ఖర్చులు పెట్టుకున్నది ఒక రైలు కంపెనీ. ఆ సరస్సుకు జనం రావాలి, టికెట్లు తెగాలి, అదీ దాని లెక్క. 1905లో (మన ఫుట్‌బాల్ కాదు, ఒకరినొకరు ఢీకొట్టుకునే అమెరికన్) ఫుట్‌బాల్ మైదానాల్లో కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలేజీల ప్రతినిధులను పిలిపించి మాట్లాడారు. ఆ కలవరం నుంచి పుట్టిన సంఘమే 1910 నాటికి ఎన్‌సీఏఏగా పేరు మార్చుకుంది. ఆటగాళ్లకు పైసా ముట్టకూడదన్నది దాని నియమం. ముట్టేదని అందరికీ తెలుసు. 1929లో కార్నెగీ ఫౌండేషన్ నివేదిక ఆ సంగతిని అచ్చులో బయటపెట్టింది.

అసలు మలుపు మాత్రం కొలరాడోలో వచ్చింది. డెన్వర్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ నెమెత్ అనే ఫుట్‌బాల్ ఆటగాడికి టెన్నిస్ కోర్టులు శుభ్రం చేసే పని ఇచ్చి నెలకు 50 డాలర్లు చెల్లించేవారు. జట్టులో ఉంటేనే ఆ పని. సాధనలో అతని నడుముకు దెబ్బ తగిలింది. కార్మికులకు ఇచ్చే నష్టపరిహారం అతనికీ చెల్లుతుందని 1953లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. రెండేళ్లకు, అదే రాష్ట్రంలో ఫోర్ట్ లూయిస్ కాలేజీకి ఆడుతూ రే డెన్నిసన్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య అదే పరిహారం కోరింది. 1957లో వచ్చిన తీర్పు ఈసారి ఎదురు తిరిగింది: కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు, కాబట్టి అతను ఉద్యోగి కాడు.

ఈ కేసులు ఎన్‌సీఏఏను గట్టిగా భయపెట్టాయి. ‘స్టూడెంట్ అథ్లెట్’ (విద్యార్థి క్రీడాకారుడు, అంటే ఉద్యోగి కాడని) అనే పదబంధాన్ని అప్పుడే తయారుచేసి, అన్ని నియమాల్లోనూ ఎక్కించామని దశాబ్దాల తరబడి ఆ సంస్థను నడిపిన వాల్టర్ బయర్స్ తర్వాత తానే రాశారు. 1956లో ఆట కోసం ఇచ్చే పూర్తి స్కాలర్‌షిప్‌ను నియమబద్ధం చేసిందీ ఆ సంస్థే. 1973లో దాన్ని ఏడాదికోసారి పొడిగించేలా కుదించారు. శిక్షకుడికి ఆట నచ్చకపోతే పైఏడాది చదువుకూ దిక్కు ఉండేది కాదు. జీతం కాదంటూనే యజమాని చేతిలో ఉండే పట్టు మొత్తం దక్కించుకున్నారన్న మాట.

దాని ఫలితం కెంట్ వాల్డ్రెప్ చూశాడు. 1974 అక్టోబరులో టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం తరఫున అలబామాపై ఆడుతుండగా మెడ విరిగి అతని ఒంట్లో చలనం పోయింది. వైద్య ఖర్చుల కోసం ఏళ్ల తరబడి పోరాడాడు. 1993లో టెక్సాస్ కార్మిక పరిహార సంస్థ అతని పక్షాన నిలిచినా, కోర్టులో అది నిలవలేదు. 2000లో చివరి మాటగా ఓటమే మిగిలింది. స్కాలర్‌షిప్ మీద అతను ఆదాయపు పన్ను కట్టలేదు కదా అన్నది అతనికి వ్యతిరేకంగా చూపిన కారణాల్లో ఒకటి.

డబ్బు మాత్రం ఆగలేదు. 1984లో ఫుట్‌బాల్ ప్రసారాల మీద ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. (తీర్పుతో విభేదించిన జస్టిస్ బైరన్ వైట్ ఒకనాటి కాలేజీ ఫుట్‌బాల్ తార.) 2010లో బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ప్రసార హక్కులు 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లు పలికాయి. శిక్షకుల జీతాలు లక్షల డాలర్లు దాటి కోట్లకు చేరాయి.

ఎడ్ ఒబానన్ అనే పాత బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు ఒక స్నేహితుడి ఇంట్లో వీడియో గేమ్‌లో తన పోలికలతో, తన చొక్కా నంబరుతో ఉన్న బొమ్మను చూసి 2009లో దావా వేశాడు. అప్పటి నుంచి గోడ బీటలు వారింది. 2019లో కాలిఫోర్నియా, ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకోవచ్చని చట్టం చేసింది. 2021 జూన్‌లో, ఆటగాళ్లకు చదువు సంబంధమైన ప్రయోజనాలపై పెట్టిన పరిమితులను సవాలు చేసిన ఆల్స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏను ఓడించింది. జూలైలో ప్రకటనల ఒప్పందాలకు దారి తెరుచుకుంది.

ఇందులో మన పిల్లలకూ పరిచయమైన చిక్కు ఒకటి ఉంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చిన ఆటగాళ్లకు ఈ ఒప్పందాలు అంత తేలిక కాదు, పని చేయడంపై ఆ వీసాకు ఉన్న ఆంక్షలు వాళ్లకూ వర్తిస్తాయి. కెంటకీ విశ్వవిద్యాలయానికి బాస్కెట్‌బాల్ ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షిబ్వే 2022లో జట్టుతో బహమాస్ వెళ్లినప్పుడు, అమెరికా గడ్డ మీద కాకుండా అక్కడ ఆ ప్రకటనల పనులు చక్కబెట్టుకున్నాడు.

ఉద్యోగి అవునా కాదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ ఆటగాళ్లు 2014లో యూనియన్ కోరితే, మరుసటి ఏడాది జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఆ వ్యవహారంలో తలదూర్చనంది. 2024 మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు 13-2 ఓట్లతో యూనియన్‌కు మొగ్గింది, డిసెంబరులో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. అదే ఏడాది జూలైలో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు, కనీస వేతన చట్టం కింద వీళ్లు ఉద్యోగులు కావడానికి అవకాశం ఉందని, ఆ సంగతి విచారించి తేల్చాలని కేసును కింది కోర్టుకు పంపింది. అటు ఎన్‌సీఏఏ, ఆటగాళ్లు ఉద్యోగులు కారని చట్టంలోనే రాయమని అమెరికా చట్టసభ కాంగ్రెస్‌ను కోరుతోంది.